నార సంచుల నుంచి ఆటల జట్టు దాకా



మా జగ్గయ్యపేట పక్కన చిల్లకల్లు అనే ఊరు ఉన్నది. ఒకప్పుడు ఇది కృష్ణా జిల్లాలో మెట్టప్రాంతం. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. బెజవాడ నుంచి హైదరాబాదు పోయేవాళ్ళు నందిగామ దాటి, చిల్లకల్లు దగ్గర టోల్ గేటులో రుసుము కట్టి ముందుకు పోతారు. మిర్చి టిక్కీల లారీలు, పత్తి లారీలు, సిమెంటు లారీలు, బస్సులు, కార్లు రాత్రీ పగలూ ఆ రోడ్డు మీద పోతూనే ఉంటాయి.

వెనక ఈ రోడ్డు ఇంత వెడల్పు ఉండేది కాదు. ఎదురుగా లారీ వస్తే మన బస్సు రోడ్డు దిగి మట్టిలో నడవవలసి వచ్చేది. తరవాత దాన్ని నాలుగు వరసల రోడ్డుగా మార్చారు. హైదరాబాదు ఇవతల మల్కాపురం దగ్గర మొదలై మన నందిగామ దగ్గర ముగిసే 181 కిలోమీటర్ల పని అది. దాన్ని చేయించింది ప్రభుత్వమే అయినా, డబ్బు పెట్టి పని చేసింది ఒక ప్రైవేటు కంపెనీ. దాని పేరు జి.ఎం.ఆర్. 2012 డిసెంబరులో అక్కడ రుసుము వసూలు మొదలయింది.

జి.ఎం.ఆర్. అంటే ఏమిటి? అది ఒక మనిషి పేరు: గ్రంధి మల్లికార్జున రావు. ఆయనకు విమానాశ్రయాలు ఉన్నాయి. విద్యుత్ కేంద్రాలు నడిపారు. అన్నిటికన్నా మీకు సరదా అయిన సంగతి మరొకటి ఉన్నది. ఆయనకు ఒక క్రికెట్ జట్టు కూడా ఉన్నది!

పొలం ఉన్నవాళ్ళను మనం ఎరుగుదుము. దుకాణం ఉన్నవాళ్ళను ఎరుగుదుము. కాని ఆటల జట్టుకు యజమాని ఉండటం ఏమిటి? పదకొండుమంది ఆటగాళ్ళను ఎవరన్నా కొనుక్కోగలరా? జట్టు ఓడిపోతే యజమాని ఏం పోగొట్టుకుంటాడు? గెలిస్తే ఏం సంపాదిస్తాడు? ఈ ప్రశ్నలకు జవాబులు కావాలంటే, ముందు ఆ మనిషి కథ తెలుసుకోవాలి.

రాజాంలో మొదలు

మల్లికార్జున రావు గారు 1950 జులై 14న రాజాంలో పుట్టారు. రాజాం ఉత్తరాంధ్రలో ఒక చిన్న వ్యాపారకేంద్రం. ఆయన పుట్టిన రోజున అది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. నెల మీద ఒక్క రోజు తరవాత, ఆగస్టు 15న, శ్రీకాకుళం జిల్లా ఏర్పడి, రాజాం అందులోకి పోయింది. 2022లో విజయనగరం జిల్లాలో చేరింది. చూశారా, మనిషి ఉన్నచోటనే ఉన్నా, జిల్లాలు మారుతూ వచ్చాయి!

వారిది వర్తకుల కుటుంబం. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. వర్తకుడి ఇంట పుట్టినవాడు లెక్కలు నేర్చుకోవటం వింత కాదు. కాని యంత్రం ఎట్లా తిరుగుతుందో తెలిసిన ఇంజనీరుకు వర్తకం కూడా తెలిస్తే, ఆ రెండూ కలిసి ఒక కొత్త శక్తి అవుతుంది. ఆయన జీవితంలో జరిగింది అదే.

1978లో ఆయన తన వ్యాపార సంస్థను ప్రారంభించారు. మొదటి వ్యాపారం ఏమిటో తెలుసా? నార!

మన పొలాల్లో మిరపకాయలు ఎండిన తరవాత దేనిలో తొక్కుతారు? గోనె సంచిలో. ధాన్యం దేనిలో పోస్తారు? గోనె సంచిలోనే. ఆ గోనె ఎక్కడినుంచి వస్తుంది? బెంగాలు దేశంలో పండే జూట్ నారతోనూ, మన ఉత్తరాంధ్రలో పండే గోగు నారతోనూ తయారవుతుంది. గోగు అంటే మీరు పచ్చడి చేసుకు తినే గోంగూరకు చుట్టమే. కాని దీనిని ఆకు కోసం కాక, కాడ కోసం పెంచుతారు. మనిషి ఎత్తును మించి పెరిగిన కాడలను కోసి, కట్టలు కట్టి, చెరువులో ముంచి, పైన బరువు పెడతారు. రెండు మూడు వారాలు నీటిలో ఊరనిస్తారు. అప్పుడు కంటికి కనిపించని సూక్ష్మజీవులు కాడలోని జిగురు పదార్థాన్ని తినేస్తాయి. ఆ జిగురే నారను కట్టెకు అంటిపెట్టి ఉంచేది. అది పోగానే, నార పోగులు పోగులుగా ఊడి వస్తుంది. రైతు దాన్ని నీటిలో జాడించి, దండెం మీద ఆరవేస్తాడు.

మిల్లులో ఈ నారను మెత్తబరిచి, దువ్వెన వంటి యంత్రాలతో చిక్కు తీసి, దారంగా వడికి, సంచిగుడ్డగా నేస్తారు. అంటే, రైతు పంట, చెరువు నీరు, సూక్ష్మజీవి, యంత్రం, కూలివాడి చెయ్యి, ఇన్ని కలిస్తేనే ఒక సంచి! ఇందులో ఏ ఒక్కటి తప్పినా మిల్లు ఆగిపోతుంది. రావు గారు వ్యాపారపు ఓనమాలు దిద్దుకున్నది ఈ బడిలోనే.

ఒక పని నుంచి మరొక పనికి

నార తరవాత ఆయన చాలా వ్యాపారాలు చేశారు. రాజాం దగ్గర సంకిలిలో చక్కెర కర్మాగారం, ఉక్కు తయారీలో వాడే మిశ్రమ లోహాల కర్మాగారం, ఇట్లా ఎన్నో. కొన్ని బాగా నడిచాయి. కొన్నిటిని తరవాత అమ్మేశారు. ఆయన పద్ధతిలో గమనించవలసినది ఇదే: ఏ వ్యాపారాన్నయినా తన బిడ్డలాగా జీవితాంతం పట్టుకు కూర్చోలేదు. ఒకటి అమ్మి, ఆ డబ్బుతో ఇంకొక పెద్ద పనిలో దిగేవారు.

అందులో ముఖ్యమయినది బ్యాంకు. 1930లో బెంగుళూరులో పుట్టిన వైశ్యా బ్యాంకులో ఆయన వాటాలు కొన్నారు. దాని పాలకవర్గంలో చేరారు. చివరకు దానిలో పెద్ద వాటాదారు అయ్యారు. తరవాత ఐ.ఎన్.జి. అనే యూరపు సంస్థ ఆ బ్యాంకులోకి వచ్చింది. రావు గారు తమ వాటా అమ్మి, ఆ డబ్బును విద్యుత్తు, రోడ్లు, విమానాశ్రయాలలోకి మళ్ళించారు.

విద్యుత్తు అన్నాను కనక, ఒక వింత కేంద్రం సంగతి చెబుతాను. మామూలుగా విద్యుత్ కేంద్రం భూమి మీద కడతారు. కాని జి.ఎం.ఆర్. వారు మంగుళూరు దగ్గర తన్నీరుబావిలో, 2001లో, నీటి మీద తేలే విద్యుత్ కేంద్రం పెట్టారు! యంత్రాలన్నిటినీ చదునైన పెద్ద పడవల మీద అమర్చారు. దాని శక్తి 220 మెగావాట్లు. కొన్నేళ్ళ తరవాత అక్కడ దాని అవసరం తీరిపోయింది. భూమి మీద కట్టినదయితే పగలగొట్టి ఇనుము అమ్ముకోవటమే గతి. ఇది పడవ కదూ? దానిని సముద్రం మీద లాక్కుపోయి, మన కాకినాడకు చేర్చారు. పశ్చిమ సముద్రంలో ఉన్న కేంద్రం తూర్పు సముద్రానికి వచ్చిందన్నమాట!

ఆ తరవాత విమానాశ్రయాలు. 2006లో ఢిల్లీ విమానాశ్రయాన్ని నడిపే బాధ్యత వారికి దక్కింది. 2008 మార్చి 23న హైదరాబాదు శివారున శంషాబాదు విమానాశ్రయం పనిచేయటం మొదలుపెట్టింది. 2010 జులైలో ఢిల్లీలో మూడవ టెర్మినల్ అనే బ్రహ్మాండమయిన భవనాన్ని ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. నార సంచులతో మొదలయిన మనిషి ఇక్కడికి చేరటానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఇటువంటి పనులకు ఒక ప్రత్యేక పద్ధతి ఉన్నది. దానిని ఇట్లా ఊహించుకోండి. మీ ఊరి చెరువు గట్టు తెగింది. పంచాయతీ దగ్గర డబ్బు లేదు. ఒక ఆసామి ముందుకు వచ్చి, “నా డబ్బుతో గట్టు కడతాను. ఇన్నేళ్ళపాటు చెరువులో చేపలు నేను పట్టుకుంటాను. ఆ తరవాత గట్టూ మీదే, చేపలూ మీవే,” అన్నాడు. పంచాయతీ ఒప్పుకున్నది. మన నందిగామ రోడ్డు కట్టింది ఇదే పద్ధతిలో. చేపల బదులు టోల్ రుసుము! చేపలు బాగా పడితే ఆసామికి లాభం. వానలు లేక చెరువు ఎండితే నష్టం. ఈ మాట గుర్తు పెట్టుకోండి. దీనితో మళ్ళీ పని ఉన్నది.

జట్టుకు యజమాని ఉండటం ఎక్కడ పుట్టింది?

ఇక ఆటకు వద్దాం. మన దేశంలో క్రికెట్ జట్లు చాలాకాలం సంఘాలకు చెందినవి. 1934లో మొదలయిన రంజీ పోటీలలో ఆడే జట్లకు యజమాని ఎవడూ లేడు. ఆంధ్ర జట్టు ఆంధ్ర క్రికెట్ సంఘానిది. అంతే.

జట్టును ఒక వ్యాపారసంస్థగా నడిపే పద్ధతి అమెరికాలో బాగా పెరిగింది. అక్కడ బేస్‌బాల్ అనే ఆట ఉన్నది. అది క్రికెట్టుకు దాయాది వంటిది. బ్యాటు గుండ్రంగా, రోకలిలా ఉంటుంది. మైదానంలో నాలుగు మూలలు గుర్తిస్తారు. ఒక మూలకూ మరొక మూలకూ 90 అడుగులు. బంతిని కొట్టినవాడు నాలుగు మూలలూ చుట్టి బయలుదేరిన చోటికి వస్తే ఒక పరుగు. జట్టుకు తొమ్మండుగురు ఆటగాళ్ళు. 1869లోనే సిన్సినాటి నగరంలో జీతం తీసుకుని ఆడే బేస్‌బాల్ జట్టు ఏర్పడింది. అప్పటినుంచి ఒక్కొక్క నగరానికి ఒక జట్టు, ఒక్కొక్క జట్టుకు ఒక యజమాని అనే పద్ధతి స్థిరపడింది.

అటువంటి యజమానులలో ఎవింగ్ కాఫ్‌మన్ అనే ఆయన కథ రావు గారి కథ పక్కన పెట్టి చూడదగినది. ఆయన 1916లో మిస్సోరీ రాష్ట్రంలో పుట్టారు. పదకొండో ఏట గుండె జబ్బు చేసి, ఏడాదిపాటు మంచం మీదనే ఉండవలసి వచ్చింది. ఆ ఏడాది పొడుగునా పుస్తకాలు చదివారు. పెద్దయిన తరవాత ఒక మందుల కంపెనీలో అమ్మకాల పనిలో చేరారు. ఎంత ఎక్కువ అమ్మితే అంత కమీషను. ఆయన ఎంత అమ్మారంటే, కంపెనీ అధ్యక్షుడి జీతం కన్నా ఆయన కమీషను ఎక్కువయింది! కంపెనీవారు సంతోషించటానికి బదులు ఆయన కమీషను కోసేశారు. ఆయన ఆ పని మానుకుని, 1950లో తన ఇంటి నేలమాళిగలో సొంత కంపెనీ పెట్టుకున్నారు.

ఆయన తయారుచేసిన మందులలో ఒకటి ఆల్చిప్పలను పొడిచేసి చేసిన మాత్ర. నవ్వకండి! మన తాతలు తాంబూలంలో గుల్లసున్నం వేసుకోలేదూ? గుల్లలోనూ, ఆల్చిప్పలోనూ ఉండేది కాల్షియమే. ఎముకలకు అది అవసరం. ఆ నేలమాళిగ కంపెనీ పెరిగి పెద్దదయి, కాఫ్‌మన్‌ను కోటీశ్వరుణ్ణి చేసింది.

ఆయన ఉండే కాన్సస్ సిటీ నగరానికి ఒక బేస్‌బాల్ జట్టు ఉండేది. 1967లో దాని యజమాని ఆ జట్టును మరొక నగరానికి తరలించుకుపోయాడు. ఊరివాళ్ళు చిన్నబోయారు. మరుసటి ఏడు, 1968లో, కాఫ్‌మన్ కొత్త జట్టు పెట్టే హక్కు కొన్నారు. 1969లో రాయల్స్ అనే పేరుతో ఆ జట్టు మైదానంలో దిగింది. ప్రపంచ పోటీ అని అక్కడివాళ్ళు పిలుచుకునే చివరి పోటీ గెలవటానికి దానికి 1985 దాకా పట్టింది. అంటే పదహారేళ్ళ ఓపిక!

ఢిల్లీ జట్టు

2008 జనవరిలో మన భారత క్రికెట్ బోర్డు కూడా ఈ అమెరికా పద్ధతినే తెచ్చింది. ఎనిమిది నగరాల పేర్లతో ఎనిమిది జట్లను వేలం వేసింది. అదే ఐ.పి.ఎల్. అన్నిటికన్నా ఎక్కువ ధర బొంబాయి జట్టుకు పలికింది: 11 కోట్ల 19 లక్షల డాలర్లు. హైదరాబాదు జట్టును ఒక పత్రికాసంస్థ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొన్నది. ఢిల్లీ జట్టును 8 కోట్ల 40 లక్షల డాలర్లకు జి.ఎం.ఆర్. వారు కొన్నారు. ఢిల్లీ డేర్‌డెవిల్స్ అని దానికి పేరు పెట్టారు. వీరేంద్ర సెహ్వాగ్ దానికి మొదటి నాయకుడు. జట్టు వ్యవహారాలలో రావు గారి కుమారుడు కిరణ్ కుమార్ ముందు నిలబడి చూసుకునేవారు.

పలకలు తీయండి, ఒక లెక్క చేద్దాం. అప్పట్లో డాలరుకు సుమారు 40 రూపాయలు. 8 కోట్ల 40 లక్షలను 40 పెట్టి హెచ్చిస్తే ఎంత? 336 కోట్ల రూపాయలు! ఈ మొత్తం ఒక్కసారే కట్టనక్కరలేదు. పది సంవత్సరాలలో వాయిదాలుగా కట్టాలి. అంటే ఏడాదికి 33 కోట్ల 60 లక్షలు. ఆటగాళ్ళకు ఇచ్చే డబ్బు వేరు. మొదటి ఏడు ఒక్కొక్క జట్టు వేలంలో 50 లక్షల డాలర్లకు మించి ఖర్చు చేయకూడదని నియమం పెట్టారు. అది 20 కోట్ల రూపాయలు. శిక్షకులు, వైద్యులు, ప్రయాణాలు, హోటళ్ళు, ఇవన్నీ మళ్ళీ వేరు.

మరి రాబడి ఎక్కడినుంచి? ఆటను టెలివిజనులో చూపే హక్కు బోర్డు అమ్ముతుంది; అందులో అన్ని జట్లకూ వాటా ఉన్నది. మైదానంలో అమ్మే టిక్కెట్ల డబ్బు వస్తుంది. చొక్కాల మీద కనిపించే కంపెనీల పేర్లకు ఆ కంపెనీలు డబ్బు ఇస్తాయి. ఇది నార మిల్లు కన్నా చిత్రమయిన వ్యాపారం. మిల్లులో నార పోస్తే సంచి వచ్చి తీరుతుంది. జట్టులో ఎంత డబ్బు పోసినా గెలుపు వచ్చి తీరుతుందని లేదు!

ఢిల్లీ జట్టు కథే దీనికి సాక్ష్యం. మొదటి రెండేళ్ళు బాగానే ఆడి సెమీఫైనల్ దాకా వచ్చింది. 2011లో అట్టడుగున నిలిచింది. 2012లో లీగు పట్టికలో పైన నిలిచింది; అయినా కప్పు రాలేదు. 2013లో మళ్ళీ అట్టడుగు. 2014లోనూ అట్టడుగే. 2018లోనూ అదే గతి. ఆ ఏడే జి.ఎం.ఆర్. వారు జట్టులో సగం వాటాను జె.ఎస్.డబ్ల్యు. అనే ఉక్కు కంపెనీవారికి 550 కోట్లకు అమ్మారు. ఆ ఏడు డిసెంబరులో పేరు కూడా ఢిల్లీ క్యాపిటల్స్ అని మారింది.

ఇక్కడ మళ్ళీ లెక్క. సగం 550 కోట్లయితే మొత్తం 1100 కోట్లు. పదేళ్ళ కిందట కొన్నది 336 కోట్లకు. ధర మూడింతలకు పైగా పెరిగింది! అట్టడుగున నిలిచిన జట్టుకు ఇంత ధర ఏమిటని మీరు అడుగుతారు. ధర పెరిగింది ఆ జట్టు గెలుపు వల్ల కాదు. అన్ని జట్లూ కలిసి ఆడే పోటీని దేశమంతా చూడటం వల్ల. సంతలో ఒక్క అంగడి ఉంటే జనం రారు. నూరు అంగళ్ళు ఉంటే వస్తారు. ఓడిన జట్టు లేనిదే గెలిచిన జట్టు లేదు కదా! అయితే, ఈ పదేళ్ళలో ఏటేటా పెట్టిన ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. కొన్న ధర, అమ్మిన ధర మాత్రమే చూసి లాభం తేల్చేవాడు సగం లెక్క చేసినవాడే.

2020లో ఢిల్లీ మొదటిసారి ఫైనలుకు వచ్చింది. దుబాయిలో ముంబాయి చేతిలో ఓడిపోయింది. 2023, 2024, 2025 సంవత్సరాలలో ఢిల్లీ ఆడపిల్లల జట్టు వరసగా మూడుసార్లు ఫైనలుకు వచ్చి, మూడుసార్లూ ఓడిపోయింది. మగవారి జట్టుకు కూడా 2008 నుంచి 2025 దాకా ఆడిన పద్ధెనిమిది పోటీలలో ఒక్క కప్పు రాలేదు.

జి.ఎం.ఆర్. వారు క్రికెట్టుతో ఆగలేదు. 2017లో కబడ్డీలో యు.పి. యోధా జట్టు పెట్టారు. 2022లో ఖోఖో పోటీలలో తెలుగు యోధాస్ అనే జట్టు పెట్టారు. మన బడి మైదానంలో మీరు ఆడే ఖోఖోయే! మొదటి ఏడే ఆ జట్టు పూనాలో ఫైనలు ఆడింది. ఒడిషా జట్టుకు 46, తెలుగు యోధాస్‌కు 45. ఒక్క పాయింటుతో పోయింది! ఆ ఒక్క పాయింటు విలువ డబ్బుతో కొలవగలరా?

కాని ఒక మంచి రోజు సంగతి కూడా చెప్పాలి. 2024, 2025లలో ఢిల్లీ జట్టు తన సొంత మైదానపు ఆటలు కొన్ని మన విశాఖపట్నంలో ఆడింది. 2025 మార్చి 24న అక్కడ లక్నో జట్టు మీద తొమ్మిది వికెట్లు పడిపోయిన తరవాత కూడా గెలిచింది. ఒకే ఒక్క వికెట్టు మిగిలి ఉండగా గెలవటమంటే మాటలా!

చెరువు ఎండినప్పుడు

ఇదంతా విని రావు గారికి అన్నీ కలిసివచ్చాయనుకోకండి. మాల్దీవుల రాజధాని మాలెలో విమానాశ్రయం పని 2010లో వారికి దక్కింది. 2012లో అక్కడి కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందం చెల్లదని విమానాశ్రయం వెనక్కు తీసుకున్నది. సింగపూరులో మధ్యవర్తుల ముందు వ్యాజ్యం నడిచింది. 2016లో సుమారు 27 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వవలసిందిగా తీర్పు వచ్చింది. న్యాయం దక్కింది, కాని నాలుగేళ్ళు పట్టింది.

పెద్ద పనులన్నీ పెద్ద అప్పులతో చేస్తారు. విద్యుత్ కేంద్రాలకు అనుకున్నంత గ్యాసు దొరకక, వచ్చే డబ్బు తగ్గి, అప్పు మీద వడ్డీ కొండలాగా పెరిగింది. అప్పుడు ఏం చేశారు? ఆస్తులు అమ్మారు. 2020లో విమానాశ్రయాల సంస్థలో 49 శాతం వాటా పారిస్ విమానాశ్రయాలు నడిపే ఫ్రెంచి సంస్థకు ఇచ్చారు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవటానికి ఇష్టమయిన వస్తువును అమ్ముకోవటం తేలిక కాదు.

మరి మన రోడ్డు? చెరువు కథ గుర్తున్నది కదూ? 2014లో రాష్ట్రం రెండయింది. రోడ్డు మీద అనుకున్నన్ని బండ్లు రావటంలేదని, విభజన వల్ల తమకు నష్టం వచ్చిందని కంపెనీ వాదించింది. జాతీయ రహదారుల సంస్థతో ఏళ్ళ తరబడి తగాదా నడిచింది. చివరకు 2024లో ఇరువురూ ఒప్పందం ముగించుకున్నారు. గడువుకు ముందే రోడ్డు జాతీయ రహదారుల సంస్థ చేతికి వచ్చింది. ఇప్పుడు చిల్లకల్లు గేటు దగ్గర కట్టే రుసుము జి.ఎం.ఆర్. వారికి పోదు.

జట్టు ఎవరిది?

పిల్లలూ, ఇప్పుడు అసలు ప్రశ్న. జట్టు నిజంగా ఎవరిది? డబ్బు పెట్టినవాడిదా? ఆడినవాడిదా? ఎండలో కూర్చుని కేకలు వేసినవాడిదా?

హైదరాబాదు జట్టు సంగతి వినండి. దక్కన్ ఛార్జర్స్ అని దాని పేరు. 2008లో అట్టడుగున నిలిచింది. 2009లో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచింది! ఎంత గొప్ప విజయం! కాని యజమాని సంస్థ అప్పులలో చిక్కుకున్నది. 2012లో బోర్డు ఆ జట్టునే రద్దు చేసింది. హైదరాబాదుకు తరవాత మరొక యజమానితో, మరొక పేరుతో వేరే జట్టు వచ్చింది. కప్పు గెలిచిన జట్టు మాత్రం మాయమయింది. కప్పు లేని ఢిల్లీ జట్టు నిలిచి ఉన్నది. ఆటలో గెలుపు ఒక్కటే జట్టును నిలబెట్టదు. యజమాని ఇల్లు కూడా సరిగా ఉండాలి.

రావు గారి కుటుంబం ఇందుకోసం ఒక పని చేసింది. కుటుంబంలో ఎవరు ఏ పని చూడాలి, తగాదా వస్తే ఎట్లా తేల్చుకోవాలి అన్న నియమాలన్నీ ఒక కుటుంబ రాజ్యాంగంగా రాసుకున్నారు. అన్నదమ్ముల తగాదాలతో మునిగిన దుకాణాలు మన పేటలలో ఎన్ని లేవు! దేశానికి రాజ్యాంగం ఉన్నట్టు ఇంటికీ ఉంటే మంచిదే కదా.

కాఫ్‌మన్ ఇంకొక మెట్టు పైకి ఎక్కారు. తన తరవాత ఎవరన్నా జట్టును వేరే ఊరికి తీసుకుపోతారేమోనని ఆయనకు బెంగ. అంతకు ముందు ఊరు ఎంత బాధపడిందో ఆయన కళ్ళారా చూశారు. కనక తన జట్టు ధర్మసంస్థకు చెందేటట్టు, దానిని ఆ ఊళ్ళోనే ఉంచేవాడికి మాత్రమే అమ్మేటట్టు ఏర్పాటు చేశారు. 1993లో ఆయన చనిపోయారు. 2000లో జట్టును 9 కోట్ల 60 లక్షల డాలర్లకు అమ్మారు. ఆ సొమ్ము ధర్మకార్యాలకు పోయింది. జట్టు ఊళ్ళోనే ఉన్నది.

రావు గారు తమ ఊరికి చేసినది చదువు. 1997లో రాజాంలో ఇంజనీరింగ్ కళాశాల పెట్టారు. ఒకప్పుడు రాజాం కుర్రవాడు ఇంజనీరు కావాలంటే ఊరు విడిచిపోవలసి వచ్చేది. ఇప్పుడు వేరే ఊళ్ళ పిల్లలు రాజాం వచ్చి చదువుకుంటున్నారు.

పరీక్షలో ఈ పాఠం మీద ప్రశ్నలు రావు. అయినా మీరు ఒక పని చేయండి. మీ వీధిలో ఏదన్నా ఒక వ్యాపారం ఎంచుకోండి. కొట్టు కాని, పిండిమర కాని, సైకిలు షాపు కాని. ఆ యజమానిని మర్యాదగా అడగండి: మొదట ఎంత పెట్టుబడి పెట్టారు? ఎవరి దగ్గర తెచ్చారు? మొదటిసారి నష్టం వచ్చినప్పుడు ఏం చేశారు? మూడో ప్రశ్నకు ఆయన చెప్పే జవాబు జాగ్రత్తగా వినండి. లాభం వచ్చినప్పుడు అందరూ ఒకేలాగా ఉంటారు. నష్టం వచ్చినప్పుడే మనిషి తెలుస్తాడు.

అట్లాగే, ఈసారి మీ బడి ఖోఖో జట్టు ఒక్క పాయింటుతో ఓడిపోతే, ఏడుస్తూ ఇంటికి పోకండి. మరునాడు సాయంత్రం మళ్ళీ మైదానానికి రండి. జట్టు అంటే అదే.